ఎడమకు ఒరిగిన అంబాసిడర్

గోపాల్‌పేట,
27 ఏప్రిల్ 2025

బావగారికి నమస్కారాలు.

ఫోన్ చేయకుండా ఉత్తరం ఎందుకు రాస్తున్నానో మీకు తెలుసు. బస్సు డిపోలో ముప్పై ఏళ్ళు ఇంజన్ల మోత విని మీ చెవులు సగం పోయాయి. నేను చెప్పినదాంట్లో మీకు సగమే వినబడుతుంది, వినబడని సగానికి నన్ను తిడతారు. నేను అరుస్తాను, మీరు అరుస్తారు, రెండు ఊళ్ళలోనూ పక్కింటివాళ్ళు బయటికొస్తారు. మొన్న అక్క తేల్చి చెప్పింది. "మీరిద్దరు ఫోన్ల మాట్లాడుడు బంద్ వెట్టుండ్రి. ఏమన్నుంటె రాసుకోండ్రి" అంది. మీరేమో వాట్సాప్ ముట్టుకోరు. అందుకే ఈ కాగితాన్ని వనపర్తి బస్టాండులో గద్వాల బస్సు కండక్టర్ చేతికిస్తున్నాను. జవాబు కూడా అట్లాగే పంపండి.

అసలు సంగతి జమ్ములమ్మ చిన్నమ్మది. వడ్డేపల్లిలో మంచం పట్టి మూడో నెల. ఇంటికి తీసుకుపొమ్మని దవాఖానవాళ్ళు చెప్పేశారు. అంటే ఏమిటో మనకు తెలుసు. రోజూ పొద్దున్నే "అక్కొచ్చిందా" అని అడుగుతుందట. ఫోన్‌లో అమ్మ ముఖం చూపిస్తే తల తిప్పేసుకుంటుంది. అమ్మ కూడా అంతే. "డబ్బల సూస్తె సూసినట్టా? నేను పోయి కూసోవాలె దాని పక్కన" అంటుంది.

పోవడమెట్లా అన్నదే చిక్కు. తుంటి ఆపరేషన్ అయ్యాక అమ్మ బస్సు మెట్లు ఎక్కలేదు. ఆటో కుదుపు ఓర్చుకోలేదు. ఇప్పటి కార్ల సీట్లు మరీ కిందికి ఉంటాయి, కూర్చుంటే లేవలేదు. మొన్న ఎదురింటివాళ్ళ కారులోంచి ఇద్దరం పట్టి లాగాం. అంబులెన్స్ అంటే "సచ్చినంక ఎక్కుత తియ్" అంది. ఇక మిగిలింది నాయిన అంబాసిడర్. దాని సీటు కుర్చీలా ఉంటుంది, అమ్మకు అలవాటు. కానీ నాయిన పోయినప్పటి నుంచి అది రేకుల షెడ్డులోనే ఉంది. మా ఆవిడ అమ్మను ముందు సీట్లో కూర్చోబెడితే ఊరి చివరిదాకా తీసుకుపోయి చూశాను. గుంత వచ్చినప్పుడల్లా కింద దబీమని కొడుతోంది. అమ్మ కళ్ళ నీళ్ళు పెట్టుకుంది. బండి మొత్తం ఎడమవైపు ఒరిగిపోయి ఉంది.

వనపర్తిలో ఇద్దరు మెకానిక్కులు చూసి పాత ఇనుముకు అమ్ముకొమ్మన్నారు. స్కూలుకు ఎండాకాలం సెలవులు. నేనే విప్పి బాగుచేద్దామనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలో చెప్పండి. చిన్నమ్మ ఎన్నాళ్ళో ఆగదు.

మీ బామ్మర్ది,
రాఘవేందర్


గద్వాల,
30 ఏప్రిల్ 2025

చిరంజీవి రాఘవేందర్‌కు బావ ఆశీస్సులు.

అక్షరాలు పెద్దగా ఉన్నాయని కోపంగా రాశాననుకోకు. కంటికి ఆపరేషన్ అయింది కదా. నెల రోజులు ఒంగొద్దు, దుమ్ములో తిరగొద్దు అన్నారు. లేకపోతే నేనే వచ్చి ఆ బండి కింద పడుకునేవాణ్ణి. నన్ను కనిపెట్టుకుని ఉండటానికి మీ అక్కకు కూడా ఇల్లు కదలడానికి లేదు.

లెక్కల సారు పానా పట్టుకుంటాడంటే నవ్వొచ్చింది. చాక్‌పీసు తప్ప ఇంకేమీ పట్టని చెయ్యి అది. అయినా సరే, చెప్పినట్టు విను.

జాకీ మీద నిలబెట్టి బండి కిందికి దూరకు. కింద మందమైన కట్టె దిమ్మెలు పెట్టు. అంబాసిడర్‌కు ముందు చక్రాల దగ్గర చుట్టల స్ప్రింగులుండవు. బండి పొడుగునా కింద రెండు ఇనుప కడ్డీలుంటాయి, టార్షన్ బార్లంటారు. అవి మెలి తిరిగి ఉండి బండి బరువు మోస్తాయి. ఆ మెలిని మెల్లగా వదలకుండా బోల్టు ఊడదీస్తే కడ్డీ నీ పళ్ళు రాలగొడుతుంది. విప్పేముందే ఎడమదానికి ఎర్రరంగు, కుడిదానికి తెల్లరంగు పూయి. ఏ వైపుది ఆ వైపే పోవాలి. ఏళ్ళ తరబడి ఒకవైపే మెలిక పడ్డ కడ్డీ రెండోవైపు పనికిరాదు.

అన్ని కీళ్ళలోనూ రబ్బరు బుష్‌లు ఉంటాయి. అవి పొడిపొడి అయిపోయి ఉంటాయి, ఆ దబీమని కొట్టేది అందుకే. కొత్తవి కర్నూలులో ఒక పాత సామాన్ల దుకాణంలో దొరుకుతాయి, తెప్పించి పంపుతాను. వెనక ఒకదానిమీద ఒకటి పేర్చిన ఇనుప కమాన్ పట్టీలుంటాయి, వాటిని విప్పి వనపర్తిలో అబ్దుల్ ఖాదర్ దగ్గరికి తీసుకుపో. ఆయన వాటిని కాల్చి, కొట్టి, పోయిన వంపు మళ్ళీ తెస్తాడు.

ఎడమవైపు ఒరిగిందన్నావు. అది కొత్తగా ఒరిగింది కాదు. పండక్కు వచ్చినప్పుడల్లా మామతో చెప్పేవాణ్ణి, గంటలో సమం చేసిస్తానని. "ఉండనియ్యి అల్లుడా" అనేవాడు. బద్ధకం. పనంతా అయ్యాక నాలుగు మూలలా టేపు పెట్టి కొలువు. ఎడమా కుడీ ఒకటే ఎత్తు రావాలి. సమంగా నిలబడని బండిని నేను డిపో గేటు దాటనిచ్చేవాణ్ణి కాదు.

బావ,
నర్సింహులు


గోపాల్‌పేట,
6 మే 2025

బావగారికి నమస్కారాలు.

పళ్ళు రాలలేదు. ఎడమచేతి వేలి గోరు ఒకటి నల్లబడింది, అంతే.

మెలి వదలడానికే ఒక పూట పట్టింది. మీరు చెప్పినట్టు రంగులు పూశాను. బుష్‌లు చూస్తే రబ్బరు కాదు, మాడిన రొట్టె ముక్కల్లా చేతిలో రాలిపోయాయి. ఇన్నేళ్ళ జిడ్డు గీకి, కిరసనాయిలుతో కడిగేసరికి నా అవతారం చూసి కట్టుకున్న సరోజే తలుపు వేసుకుంది. అన్నం వరండాలోనే పెడుతోంది. ఈ ఎండకు ఆ రేకుల కింద పడుకుంటే వీపు కాలుతుంది. అందుకే పొద్దున ఒక పూట, సాయంత్రం ఒక పూట చేస్తున్నాను.

అమ్మ వేపచెట్టు నీడలో మంచం వేయించుకుని చింతపండు గింజలు తీస్తూ నా పని చూస్తుంటుంది. రోజూ ఒకటే ప్రశ్న, "ఎప్పటికైతది బిడ్డా" అని. ఇంకా వారం అంటే తల ఊపుతుంది. మళ్ళీ గంటకు అదే అడుగుతుంది. చిన్నమ్మ మాటలు తగ్గిపోయాయని అక్క చెప్పినప్పటి నుంచి అమ్మకు నిద్ర లేదు.

ఒక సందేహం. వెనక కుడివైపు కమాన్‌లో ఏడు పట్టీలున్నాయి, ఎడమవైపు ఆరే ఉన్నాయి. అబ్దుల్ ఖాదర్ చూసి "ఇరిగి పోయింది గాదు సారూ, ఎవరో కావాలని తీసిండ్రు. పట్టీ ఇరిగితే మిగిలినవాటి మీద గీతలు వడ్తయి. ఈడ లేవు" అన్నాడు. ఏడో పట్టీ వెయ్యమంటారా, వద్దా? ముందు ఎడమ కడ్డీ కూడా, దాని చివరనున్న గాడి పళ్ళ లెక్కన, కుడిదానికన్నా రెండు పళ్ళు కిందికి జరిపి బిగించి ఉంది.

రాఘవేందర్


గద్వాల,
9 మే 2025

రాఘవేందర్‌కు,

అబ్దుల్ ఖాదర్ మంచి పనివాడే గానీ కథలు అల్లడంలో ఇంకా మంచివాడు. బండికి ఒకవైపు పట్టీ కావాలని ఎవరు తీస్తారు? మామ దాన్ని కిరాయికి తిప్పే రోజుల్లో దారిలో ఎక్కడో విరిగి ఉంటుంది, ముక్క పారేసి మిగతావి బిగించుకుని ఉంటారు. కడ్డీ బిగించినవాడికి పళ్ళు లెక్కపెట్టడం రాలేదు. ఏడో పట్టీ వేయించు, కడ్డీ రెండు పళ్ళు పైకి తే. సమం చెయ్యి. ఇందులో ఆలోచించాల్సింది ఏమీ లేదు.

ఒకటి మాత్రం మరిచిపోకు. రబ్బరు బుష్‌ల నట్లను బండి గాల్లో ఉండగా గట్టిగా బిగించొద్దు. చక్రాలు నేలమీద ఆనాక, బండి బరువు వాటిమీద పడ్డాక బిగించు. లేకపోతే రబ్బరు మెలిపడి నెల తిరగకుండానే చిరిగిపోతుంది. నువ్వు తొందరలో ఉన్నావని తెలుసు. తొందరలోనే అందరూ ఈ తప్పు చేస్తారు.

ఈ సంచిలో బుష్‌లు, షాకర్లలో పోసే నూనె ఉన్నాయి. కొత్త మామిడికాయ పచ్చడి డబ్బా కూడా మీ అక్క స్వరూప అందులోనే కుక్కింది. వద్దన్నాను. పచ్చడికి గ్రీజు వాసన వస్తే నన్ను అనొద్దు.

ఇక్కడ ఎండ చెప్పనలవి కాదు. కంటికి నల్లద్దాలు పెట్టుకుని వాకిట్లో కూర్చుంటే వచ్చేపోయేవాళ్ళంతా సినిమాలో చేరావా అని అడుగుతున్నారు. అత్తమ్మకు చెప్పు, ఈ నెల దాటకుండా చెల్లెలి పక్కన కూర్చుంటుందని.

నర్సింహులు


గోపాల్‌పేట,
17 మే 2025

బావగారికి,

బండి అయిపోయింది. పని అయిపోయిందని మాత్రం చెప్పలేను.

ముందు మంచి వార్త రాస్తాను. నాలుగు మూలలూ కొలిచాను. ఎడమా కుడీ గోరంత తేడా లేదు. వాకిట్లో నిలబడ్డ బండిని చూసి నా పెళ్ళి ఫోటోలో కూడా నేను ఇంత నిటారుగా నిలబడలేదనుకున్నాను. వనపర్తిదాకా పోయి వచ్చాం. సరోజ పెరుగు గిన్నె ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పందెం కాసి మరీ కూర్చుంది. చుక్క తొణకలేదు. దబీమనే చప్పుడు లేదు. పచ్చడిలో గ్రీజు వాసన కూడా లేదు.

ఇప్పుడు రెండోది. గురువారం పొద్దున బయల్దేరుదామన్నాను. అమ్మ తెల్లారకముందే లేచి తల స్నానం చేసి, చీర మార్చుకుని, చెల్లెలికని సజ్జరొట్టెలు చేయించి మూట కట్టించింది. కర్ర పట్టుకుని బండి దాకా వచ్చింది. తలుపు తీశాను. తలుపు మీద చెయ్యి వేసి నిలబడి, సీటు వైపు చూసింది. నా వైపు చూసింది. "ఇయ్యాల ఒద్దులే" అని వెనక్కి తిరిగి లోపలికి పోయింది. మర్నాడు అడిగితే, శుక్రవారం నాడు ఆడబిడ్డ ఇంటికి పోవచ్చు గానీ చెల్లెలి ఇంటికి పోరాదంది. అట్లాంటి మాట నేనెప్పుడూ వినలేదు. ఈ రోజు జ్వరం అంటోంది. నుదురు చల్లగా ఉంది.

ఏమై ఉంటుందా అని ఆలోచించాను. తీసేసిన పాత సామాను మొత్తం మొన్న ఇనుప సామాన్లవాడికి వేశాను. ఆ రోజు అమ్మ మంచం మీద కూర్చుని వాడి తోపుడుబండి పోయేదాకా అటే చూసింది. నాయిన చెయ్యి తగిలిన ఇనుమంతా అమ్మేశానని బాధపడుతోందనుకుంటున్నాను. అడిగితే "గదేం లేదు" అంటుంది. ఏం చెయ్యాలో చెప్పండి.

రాఘవేందర్


గద్వాల,
20 మే 2025

రాఘవేందర్‌కు,

పాత ఇనుము మీద బెంగపడే మనిషి కాదు అత్తమ్మ. మామ పోయిన పదకొండో రోజే ఆయన చొక్కాలన్నీ పంచిపెట్టింది. ఆమె బండి ఎక్కడం లేదంటే బండి మీద నమ్మకం లేకనే. ఎక్కడో చప్పుడు వినే ఉంటుంది. నట్లు బరువు మీద బిగించావా, గాల్లో బిగించావా? నిజం చెప్పు.

స్వరూప మాట వేరే. చెల్లెల్ని ఆ స్థితిలో చూడటానికి అమ్మ భయపడుతోందంటుంది. ఆదివారం పక్కింటివాళ్ళను నా దగ్గర ఉంచి స్వరూప వడ్డేపల్లి పోయి వచ్చింది. చిన్నత్త రొట్టె మానేసింది, గంజి తాగుతోంది. కళ్ళు తెరిచినప్పుడల్లా గుమ్మం వైపే చూస్తోందట. వచ్చి రెండు రోజులు మీ అక్క సరిగా అన్నం తినలేదు.

నాకొక అనుమానం ఉంది, దాచుకోను. చిన్నత్త కొడుకు మామ దినాలకు రాలేదని నువ్వు ఇంకా కడుపులో పెట్టుకున్నావు. ఆ గడప తొక్కడం నీకు ఇష్టం లేదు. నీ ముఖం చూసి అత్తమ్మ వెనక్కి తగ్గుతోందేమో. కొడుకును ఇబ్బంది పెట్టొద్దనుకునే మనిషి ఆమె. నీకు మనసు లేకపోతే చెప్పు, కళ్ళు పోయినా సరే నేనే వచ్చి తీసుకుపోతాను.

నర్సింహులు


గోపాల్‌పేట,
22 మే 2025

బావగారికి,

మీ ఉత్తరం చదివాక జవాబు రాయకూడదనుకున్నాను. సరోజ రాయమంది.

నట్లు బరువు మీదే బిగించాను. రెండు వారాలు ఆ రేకుల కింద పడుకుని వీపు మాడ్చుకున్నవాడికి మనసు లేదంటున్నారు. చిన్నమ్మ కొడుకుతో నాకు మాటలు లేని సంగతి నిజం. దానికీ దీనికీ సంబంధం లేదు. చిన్నమ్మ నన్ను ఎత్తుకుని పెంచింది.

నిన్న అమ్మ మీద అరిచాను. "పోతవా పోవా, ఏదో ఒకటి చెప్పు" అన్నాను. అమ్మ కొంగుతో ముఖం తుడుచుకుని గోడ వైపు తిరిగి పడుకుంది. అరవై ఏళ్ళకు దగ్గరపడుతున్నాను, అమ్మ మీద ఎప్పుడూ అట్లా అరవలేదు. రాత్రి ఇద్దరమూ తినలేదు.

మీరు రానక్కర్లేదు. కళ్ళు జాగ్రత్త.

రాఘవేందర్


గోపాల్‌పేట,
25 మే 2025

బావా,

మీ జవాబు రాకముందే మళ్ళీ రాస్తున్నాను. తెలిసిపోయింది.

నిన్న మధ్యాహ్నం ఎండకు అందరం పడుకున్నాం. సరోజ నీళ్ళకని లేచి కిటికీలోంచి చూస్తే అమ్మ షెడ్డులో ఉంది. బండి ముందు తలుపు తీసి, సీటుకు వీపు పెట్టి నిలబడి ఉంది. రెండు చేతులూ వెనక్కి పెట్టి సీటు అంచు మీద ఆనించి, వేళ్ళ మీద లేచి కూర్చోవాలని చూస్తోంది. నడుము అందడం లేదు, జారిపోతోంది. కాసేపు ఆగి మళ్ళీ లేస్తోంది. సరోజ చప్పుడు చేయకుండా చూసింది. చివరికి అమ్మ కర్ర పట్టుకుని అక్కడే నిలబడి ఏడ్చిందట. సరోజ వెళ్ళి పట్టుకుంటే చెప్పింది. "కూసుందామంటె అందుతలేదు బిడ్డా. బండి ఎత్తైంది. రోజు సూస్తున్న, ఇయ్యాల కాకుంటె రేపన్న అందుతదని."

ముందు నుంచీ అమ్మ బండి ఎక్కే పద్ధతి అది. కాలు ముందు లోపల పెట్టలేదు. వెనక్కి తిరిగి సీటు అంచున కూర్చుంటుంది, తర్వాత నాయిన ఒక్కో కాలు ఎత్తి లోపల పెట్టేవాడు. ఎప్పుడో పొలం గట్టు మీద పడ్డప్పటి నుంచి, అంటే ఈ ఆపరేషన్‌కు ఎన్నో ఏళ్ళ ముందు నుంచే, ఆమె కాలు అట్లా ఉంది. ఆ సీటు అంచు ఆమె నడుముకు సరిగ్గా అందాలి. కిందికి ఉంటే లేవలేదు, పైకి ఉంటే కూర్చోలేదు.

అమ్మ సరోజతో అన్న మాట ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. "మీ మామ నా దిక్కు ఒంచిండు. ఓ పట్టీ తీసిండు, ముందల గూడ ఏందో జరిపిండు. నన్ను పక్కన నిలవెట్టుకొని జరిపిండు. ఊరోళ్ళు ఒంకర బండి ఒంకర బండి అని నవ్వితె, నవ్వనీ అన్నడు."

పట్టీ విరగలేదు బావా. కడ్డీ బిగించినవాడికి పళ్ళు లెక్కపెట్టడం వచ్చు. నాయిన ఇన్నేళ్ళు ఒంచి ఉంచిన బండిని నేను టేపు పెట్టి, గర్వపడుతూ, ఆమెకు అందకుండా లేపాను. కొత్త బుష్‌లు, కొత్త వంపుతో అది ఇంకా ఎత్తయింది. పీట వేసి చూశాం. పీట ఎక్కితే తల పైకప్పుకు తగులుతోంది, నడుము ఒంగదు.

ఎందుకు చెప్పలేదమ్మా అని అడిగాను. "చెప్తె ఏమంటరు? కాలు నడుము రావు, నువ్వేడ పోతవ్ అని ఇంట్ల పండవెడ్తరు. మల్ల నన్ను ఆడికి ఎవరు తీస్కపోతరు?" అంది. చెప్పి ఉంటే నేను సరిగ్గా అదే మాట అని ఉండేవాణ్ణి. అది ఆమెకు తెలుసు.

రాఘవేందర్


గద్వాల,
26 మే 2025

రాఘవా,

నీ రెండు ఉత్తరాలూ ఒకే బస్సులో వచ్చాయి. స్వరూప చదివి వినిపించింది. తర్వాత నాతో మాట్లాడటం మానేసింది. నీకు మనసు లేదన్న మాట నాది తప్పు. వెనక్కి తీసుకుంటున్నాను.

మామ మీద కోపమొస్తోంది. "ఉండనియ్యి అల్లుడా" అనే బదులు "మీ అత్త కోసం ఒంచిన" అంటే ఏం పోయేది? సిగ్గుపడ్డాడు. పెళ్ళాం కోసం బండిని ఒంకర చేశానని అల్లుడితో ఎట్లా చెప్పడమని దాచాడు. నేనేమో ఆయనకు పని రాదనుకున్నాను.

ఇప్పుడు నేను చెప్పేది నా జిందగీలో ఎవరికీ చెప్పలేదు. బండిని ఎడమకు ఒంచు. ఏడో పట్టీ తీసెయ్యి. ముందు కడ్డీని ఒక్కో పన్నే దించు. టేపు ఇంట్లో పెట్టిరా. ప్రతిసారీ దిమ్మెలు తీసి, బండిని నేలమీద ఆనించి, అత్తమ్మను సీటు దగ్గరికి పిలువు. ఆమె కూర్చుని చాలు అంటే చాలు. నట్లు ఆ తర్వాతే బిగించు.

స్టీరింగు ఎడమకు లాగుతుంది, గట్టిగా పట్టుకో. ఆ వైపు టైరు ఒక అంచున తొందరగా అరుగుతుంది. అరగనియ్యి. రోజులు లెక్కపెట్టకు, ఎంత తొందరగా అయితే అంత తొందరగా పో. చిన్నత్త నిన్నటి నుంచి గంజి కూడా సరిగా తీసుకోవడం లేదు.

బావ


గోపాల్‌పేట,
1 జూన్ 2025

బావా,

గురువారం నాడు వడ్డేపల్లి చేరాం. అంతవరకు ఫోన్‌లో అక్కకు చెప్పాను, ఆమె మీకు అరిచి చెప్పే ఉంటుంది. మిగతాది రాస్తున్నాను.

మీరు చెప్పినట్టే ఒక్కో పన్ను దించాను. అమ్మ ప్రతిసారీ వచ్చి వీపు పెట్టి చూసింది. "ఇంక జర" అంది. "ఇంక జర" అంది. మూడోసారి మెల్లగా కూర్చుంది. కూర్చుని చీర సర్దుకుంది. "చాలు, గిట్లనే ఉండె" అంది. నాయిన పెట్టినదానికన్నా ఒక పన్ను ఎక్కువే దిగింది, కొత్త బుష్‌లతో పెరిగిన ఎత్తుకు ఆ పన్ను కూడా పట్టినట్టుంది. నేను కిందికి ఒంగి ఒక్కో కాలు ఎత్తి లోపల పెట్టాను. ఆ పని నేను ఎప్పుడూ చేయలేదు. నాయిన ఉన్నన్నాళ్ళూ ఆయనే చేసేవాడు.

పెబ్బేరు దాటి పెద్ద రోడ్డెక్కాం. బీచుపల్లి దగ్గర వంతెన మీద అమ్మ ఆంజనేయస్వామి గుడి వైపు చేతులు జోడించింది. ఎర్రవల్లి తర్వాత లోపలి రోడ్డు మీరెరిగిందే, గుంతల మధ్య రోడ్డు వెతుక్కోవాలి. నొప్పి అవుతోందా అని గుంతగుంతకూ అడిగాను. "కాలే. నువ్వు రోడ్డు సూడు" అంది. స్టీరింగు పట్టుకుని చేతులు లాగాయి గానీ బండి ఒక్కసారి కూడా దబీమనలేదు.

చిన్నమ్మ కొడుకు బయటికొచ్చాడు. ఆయన ఒక రెక్క, నేను ఒక రెక్క పట్టుకుని అమ్మను లోపలికి తీసుకుపోయాం.

చిన్నమ్మ పిడికెడంత అయిపోయింది. అమ్మ మంచం మీద కూర్చుని ఆమె చెయ్యి తన ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపటికి చిన్నమ్మ కళ్ళు తెరిచి, "ఇంత ఆల్శం జేసినవేందక్కా" అంది. మాట స్పష్టంగానే ఉంది. నేను గుమ్మం దగ్గర తల ఒంచుకుని నిలబడ్డాను. ఆ ఆలస్యంలో రెండు వారాలు నావి, మీవి. అమ్మ నా వైపు చూడను కూడా లేదు. "నాకే పాణం బాగలేకుండె చెల్లె" అంది. ఆ ఒక్క మాటతో నా తప్పు తన మీద వేసుకుంది.

తర్వాత ఇద్దరూ ఏవో చిన్నప్పటి సంగతులు మాట్లాడుకున్నారు. ఎక్కువ అమ్మే మాట్లాడింది. సజ్జరొట్టె పాలలో నానబెట్టి వేలితో పెడితే చిన్నమ్మ రెండు ముద్దలు మింగింది. ఆమె కొడుకు బయటికి పోయి గోడకు ఆనుకుని ఏడ్చాడు. నేను వెళ్ళి పక్కన నిలబడ్డాను. "దినాలకు రాలేకపోయిన అన్న. అప్పుడు గూడ గిట్లనే ఉండె అమ్మకు" అన్నాడు. ఇన్నాళ్ళూ ఒక్కమాట అడక్కుండా కడుపులో పెట్టుకున్నాను చూడండి.

సాయంత్రం పోదామా అమ్మా అన్నాను. అమ్మ లేవలేదు. "నువ్వు పో. నేను ఈడనే ఉంట" అంది. మందులు అన్నాను, బట్టలు అన్నాను, మంచం ఎత్తు సరిపోదన్నాను. అన్నిటికీ ఏదో ఒకటి చెప్పింది. "మీ నాయిన గూడ నన్ను ఈడ దించి పోయేటోడు. నేను రమ్మన్ననాడు వచ్చేటోడు. నువ్వు గట్లనే రా" అంది. ఎప్పుడు రావాలమ్మా అని అడిగితే, "ఫోన్ జేపిస్త" అని చెల్లెలి వైపు తిరిగింది.

ఒక్కణ్ణే వచ్చాను. పెబ్బేరు దాకా పక్క సీటు చూడలేదు. చూస్తే ఏడుస్తానని తెలుసు. పెబ్బేరులో పెట్రోలు పోయించుకుంటూ చూశాను, ఏడ్చాను. ఆ బంకు పిల్లవాడు ఏమైంది సార్ అని అడిగితే ఎండ అన్నాను.

ఇంటికి రాగానే సరోజ, మళ్ళీ ఎప్పుడు పోవాలని అడిగింది. అమ్మ ఫోన్ చేయిస్తుంది, అప్పుడు అన్నాను. ఆ ఫోన్ ఏమని వస్తుందో ఇద్దరికీ తెలుసు. బండి కడిగి, టైర్లలో గాలి చూసి, వాకిట్లోనే పెట్టాను. ఏ క్షణంలోనైనా బయల్దేరవచ్చు. నెలరోజులు అది కదలాలని కష్టపడ్డాను బావా. ఇప్పుడు అది కదలకుండా ఉంటే బాగుండునని ఉంది.

అక్కను అడిగానని చెప్పండి.

రాఘవేందర్